సూదా, ఆపరేషనా: నా లెక్క

నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 42. షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8.9 శాతం. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని స్లీప్ స్టడీలో తేలింది. ఇవన్నీ ముందే చెప్పడం ఎందుకంటే, ఈ అంకెలు వేరేగా ఉంటే నా నిర్ణయమూ వేరేగా ఉండేది.

బరువు తగ్గడానికి సూదా, ఆపరేషనా అంటే మొదట ఇంజెక్షన్ వైపే మొగ్గాను. ఎవరు మొగ్గరు? వారానికోసారి పొట్ట దగ్గర చిన్న సూది. బ్యాంకుకు సెలవు పెట్టక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మా వదిన అదే వాడి 11 కిలోలు తగ్గింది. మొదట్లో వికారం, మలబద్ధకంతో సతమతమైంది కానీ ఇప్పుడు బాగుంది. మౌంజారో (టిర్జెపటైడ్ అనే మందు) 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు. నెలకు నాలుగంటే 17,500. "ఆగక్కా, పేటెంట్ అయిపోతే చవకైతది" అన్నాడు తమ్ముడు. ఇదే తరహా మరో సూది మందు సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చి దాకానే ఉండింది కాబట్టి వాడి మాటా కొట్టిపారేసేది కాదు.

నన్ను ఆపింది ధర ఒక్కటే కాదు. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్-1 అనే క్లినికల్ ట్రయల్‌లో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మందు ఆపిన ఏడాదికి, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు మళ్లీ వచ్చేసింది. అంటే బీపీ మాత్రలాగే ఇదీ ఏళ్ల తరబడి వాడాల్సిందే. 15 శాతమంటే నాకు 15, 16 కిలోలు. టిర్జెపటైడ్ పెద్ద డోసుకు 20 శాతం వేసుకున్నా 21 కిలోలు. ఆపరేషన్‌తో 25 నుంచి 30 శాతం తగ్గుతారంటారు. మోకాళ్లు అడుగుతున్నది ఆ లెక్క.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఉంది. బీఎంఐ 40 దాటినా, 35 దాటి షుగర్ అదుపులో లేకపోవడం లాంటి జబ్బులున్నా, డాక్టరు సలహా మీద ఆపరేషన్‌కు పాలసీలో దారి ఉంటుంది. నెలనెలా కొనుక్కునే సూదికి మాత్రం నా పాలసీలో పైసా రాదు.

అమ్మకు ఈ లెక్కలేవీ ఎక్కలేదు. "మంచిగున్న కడుపు కోపిచ్చుకుంటవా బిడ్డా?" అని ఒకటే ఏడుపు. కోత కాదమ్మా, చిన్న రంధ్రాలే అంటే, లోపల కోసేది కోతే కదా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. స్లీవ్ అనే రకం ఆపరేషన్ అయితే జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు మరి.

నాకు స్లీవ్ వద్దన్నారు. ఎండోస్కోపీలో హయేటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరగడం) కనిపించింది, ఛాతీలో మంట ఎప్పట్నుంచో ఉంది. స్లీవ్‌తో అది ఎక్కువయ్యే ప్రమాదం ఉందట. అందుకని గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఇంకో రకం. జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి చిన్నపేగుకు కలుపుతారు. బరువు బాగా తగ్గకముందే షుగర్ దిగడం మొదలవుతుందట, నాకు ఆశ పుట్టించింది అదే. బదులుగా బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు. స్వీట్లు ఎక్కువైతే గుండె దడ, చెమటలు. కొన్నేళ్లకు బరువు కొంత తిరిగి వస్తే అప్పుడు ఇంజెక్షన్ వాడొచ్చని సర్జనే చెప్పారు. ఇది తెలిశాక నాకు సగం టెన్షన్ పోయింది.

వదిన బీఎంఐ 31. ఆమె నా మాట విని ఆపరేషన్‌కు వెళ్తానంటే నేనే అడ్డం పడతాను. అలాగే మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన జిమ్ ట్రైనర్ చెప్పాడని డాక్టరు చీటీ లేకుండా ఈ సూది వేసుకుంటున్నాడు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఇది వాడకూడదని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి, లివర్ కుంచించుకుపోయేలా, దాదాపు ద్రవాహారమే అన్నారు. సంక్రాంతికి సకినాలు తినకుండా ఎట్లా అని అమ్మ పట్టు పట్టింది. తేదీ ఫిబ్రవరికి మార్పించాను.