ఒకే వస్త్రం కప్పుకున్న దంపతులు

బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, ఇటలీలోని వుల్చి నుంచి వచ్చిన రెండు ఎట్రుస్కన్ (రోమన్ల ఆధిపత్యానికి ముందు ఇటలీలో వెలిగిన ఒక ప్రాచీన జాతి) రాతి శవపేటికలు ఉన్నాయి. సుమారు 2300 ఏళ్ల నాటివి. ఒకదాని మూత మీద చెక్కిన శిల్పంలో అర్న్త్ తెత్నీస్, అతని భార్య రమ్త విష్నయ్. రెండోదాని మీద వారి కొడుకు లార్త్, కోడలు థన్‌చ్విల్ తర్నయ్. రెండు జంటలూ ఒకే వస్త్రం కప్పుకొని, ఒకరినొకరు పొదివి పట్టుకొని, ముఖాముఖి చూసుకుంటూ పడుకొని ఉంటారు. చనిపోయాక కూడా ఆ కోడలి పుట్టింటి పేరు అలాగే నిలిచింది. నా పాస్‌పోర్టులో నాది నిలవలేదు.

మా అత్తగారు ఒక్క క్షణం చూసి, కొంగు సర్దుకొని, పక్కనున్న నగల వైపు నడిచారు. మా పదేళ్ల అమ్మాయి మాత్రం అక్కడే నిలబడి, “నానమ్మ, తాతయ్య ఎప్పుడూ ఇలా పట్టుకోరేం? వాళ్లకి ఒకరంటే ఒకరికి ఇష్టం లేదా?” అని అడిగింది.

క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపాంపస్ దీనికి సరిగ్గా తలకిందులుగా పొరబడ్డాడు. గ్రీకు మగవాళ్ల విందుల్లో ఇల్లాళ్లకు చోటు ఉండేది కాదు కనుక, ఎట్రుస్కన్ స్త్రీలు మగవారి సరసన కూర్చుని విందు చేయడాన్ని అతను సిగ్గులేనితనంగా రాశాడు. అతనికి కనిపించిన దగ్గరతనం తప్పుగా తోచింది. మా అమ్మాయికి కనిపించని దగ్గరతనం లోటుగా తోచింది. అయితే ఆ కౌగిలిని ప్రేమకు రుజువుగా తీసుకోవడానికీ నాకు మనసొప్పదు. అది సమాధి కోసం చేయించిన శిల్పం. అందులో వంశ గౌరవం, దాంపత్యపు హోదా ఎంత, మమకారం ఎంత అన్నది రాయిని చూసి తేల్చలేము. ఇదంతా అమ్మాయికి చెప్పబోయి, సగంలో ఆపేశాను.

బయటికి వచ్చేటప్పుడు, మోకాళ్ల నొప్పితో వంగలేని అత్తగారి బూటు లేసు ఊడింది. మామగారు మాట్లాడకుండా వంగి, ఆవిడ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని ముడి వేశారు. “అయ్యో, ఏమిటండీ ఇది, నా కాలు పట్టుకోవడం! నలుగురూ చూస్తున్నారు” అంటూ అత్తగారు కాలు వెనక్కి లాక్కోబోయారు. నలుగురిలో ఎవరూ చూడలేదు. అమ్మాయి చూసింది గానీ, దానికి కనిపించింది లేసు ఒక్కటే. “నానమ్మ ఎందుకంత కంగారు పడింది?” అని కారెక్కాక నా చెవిలో అడిగింది. భర్త చేత కాలు పట్టించుకోవడం అంటే ఆ తరం వాళ్లకు ఏమిటో, వెనక సీట్లో వాళ్లిద్దరికీ వినపడకుండా చెప్పడం మొదలుపెట్టాను.