గాజు ట్యూబు ముందు 20 నిమిషాలు

పాము కరిచిన మనిషి వస్తే క్యాజువాలిటీలో మేం ముందుగా చేసే పరీక్షకు మిషన్ అక్కర్లేదు. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు టెస్ట్ ట్యూబు ఒకటి, గోడ గడియారం ఒకటి ఉంటే చాలు. చేతి నరం నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. ఆ తర్వాత మెల్లగా ఒక్కసారి వంచి చూడాలి. గడ్డ కట్టి ఉంటే కాస్త ఊపిరి పీల్చుకుంటాం. నీళ్లలా జారిందంటే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లో పని మొదలుపెట్టిందని లెక్క.

గుంటూరులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా చేరి మూడేళ్లు దాటింది. "గవర్నమెంటు ఆసుపత్రిలో పని ఎట్లా ఉంటుంది అక్కా?" అని జూనియర్లు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా నాకు ఈ ట్యూబే కళ్ల ముందుకు వస్తుంది. అందరికీ విడివిడిగా చెప్పలేక, మొదటి ఏడాది ఎలా గడిచిందో ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగం రావడం గురించి కొంచెమే చెబుతాను. మా నోటిఫికేషన్‌లో రాతపరీక్ష లేదు. జీఎన్ఎం (మా నర్సింగ్ డిప్లొమా) మార్కులకు 75, పాసయ్యాక గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, ప్రభుత్వంలో ఇంతకుముందు కాంట్రాక్టు సర్వీసు చేసినవాళ్లకు 15 వరకు వెయిటేజీ ఇచ్చారు. లోకల్ అని చూపించడానికి నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడిగారు. నేను నాలుగు, ఐదు తరగతులు అమ్మమ్మవాళ్ల ఊళ్లో చదివాను. ఆ పాత రిజిస్టర్ బయటికి తీయించడానికి మా నాన్న మూడుసార్లు బస్సెక్కి వెళ్లారు. కాబట్టి ఆ కాగితాలు ముందే తెచ్చి పెట్టుకోండి. నర్సింగ్ కౌన్సిల్ రెన్యువల్ తేదీ కూడా చూసుకోండి. చేరాక మొదటి జీతం చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. హాస్టల్ డబ్బులకు మళ్లీ నాన్ననే అడగాల్సి వచ్చింది. ఆ మూడు నెలలకు సరిపడా ఏదో ఒక ఏర్పాటు చేసుకునే రండి.

అంతకు ముందు రెండున్నరేళ్లు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేశాను. పన్నెండు బెడ్లు, ఒక డాక్టరుగారు. పని వచ్చనే ధైర్యంతోనే వచ్చాను. మొదటి రోజు ఆడవాళ్ల మెడికల్ వార్డులో ముందు షిఫ్టు వాళ్ల నుంచి హ్యాండోవర్ తీసుకుంటుంటే ఆ ధైర్యం జారిపోయింది. బెడ్లన్నీ నిండి, వరండాలో నేల మీద కూడా పరుపులు వేసి ఉన్నాయి. వాటికి ఎక్స్‌ట్రా 1, ఎక్స్‌ట్రా 2 అని నంబర్లు. ఆ వారంలోనే పడిన నైట్ డ్యూటీలో అరవై మందికి ఇద్దరం సిస్టర్లం. ఒకచోట సెలైన్ అయిపోతుంది, ఇంకోచోట జ్వరం పెరుగుతుంది, మరోచోట సెలైన్ కోసం నరానికి పెట్టిన క్యాన్యులా ఊడుతుంది. "సిస్టర్", "అమ్మా", "నర్సమ్మా" అని నాలుగు వైపుల నుంచీ పిలుపులే. తెల్లారేసరికి కాళ్లు లాగేసేవి. వార్డులో సాయం చేసే మా ఎఫ్ఎన్ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అక్క వేడినీళ్లు తెచ్చి, "పాదాలు పెట్టు తల్లీ, అలవాటు లేని కాళ్లు" అనేది. ఆ మాటకే ఏడుపు వచ్చేది.

అప్పట్లో నా పద్ధతి ఒకటే: తల వంచుకుని పరుగెత్తడం. ఎవరైనా ఏదైనా అడిగితే "రౌండ్స్‌లో డాక్టరుగారిని అడగండి" అని చెప్పి ముందుకు వెళ్లిపోవడం. ఇంజెక్షన్ టైముకు పడిందా, చార్టు రాశామా, అదే పని అనుకున్నాను. మాట్లాడుతూ నిలబడితే టైము పోతుందని నిజంగానే నమ్మాను.

ఆరో నెలలో క్యాజువాలిటీకి వేశారు. పల్నాడు వైపు నుంచి, మాచర్ల, వినుకొండ నుంచి కూడా రాత్రంతా 108లు వస్తూనే ఉంటాయి. ఒకరోజు మిరపతోటకు మందు కొడుతూ పడిపోయిన రైతును తీసుకొచ్చారు. చొక్కా నిండా పురుగుమందు వాసన, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాం. తెల్లవారుజామున ఆయన పిచ్చిపిచ్చిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. గాలిలో ఏదో పట్టుకుంటున్నాడు, దుప్పటి పీకుతున్నాడు, భార్యను గుర్తుపట్టట్లేదు. "మీ ఇంజెక్షన్‌తోనే మా అన్నకు పిచ్చెక్కింది" అని తమ్ముళ్లు మా మీదికి వచ్చారు. సంతకం పెట్టేసి వేరే చోటికి తీసుకెళ్తామన్నారు. ఒకతను సెలైన్ పైపు మీద చెయ్యి వేశాడు. నేను కేస్ షీటు పట్టుకుని నిలబడిపోయాను. నోట మాట రాలేదు.

మా హెడ్ సిస్టర్ వచ్చారు. ఇరవై ఏడేళ్ల సర్వీసు ఆవిడది. తమ్ముళ్లతో వాదన పెట్టుకోలేదు. ఆ భార్య చెయ్యి పట్టుకుని తలవైపు తీసుకెళ్లి, టార్చి వేసి ఆయన కన్ను చూపించారు. "రాత్రి వచ్చినప్పుడు ఈ కన్నుపాప ఆవగింజంత ఉంది. ఇప్పుడు చూడమ్మా, ఎంత పెద్దదైందో. నోట్లో చొంగ ఆగిందా? పెదాలు ఎండినాయా? మాకు కావాల్సింది అదే. విషం తగ్గించే మందు ఎక్కువైతే ఇట్లాగే కలవరిస్తాడు. డాక్టరుగారు వచ్చి తగ్గిస్తారు, తగ్గించాక నిన్ను పేరు పెట్టి పిలుస్తాడు" అన్నారు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. వాళ్లు ఆగారు. ఆయన బతికాడు. తర్వాత హెడ్ సిస్టర్ నాతో అన్నది ఒకటే: "అమ్మాయ్, ఆ రెండు నిమిషాలు ముందే పెట్టుంటే వాళ్లు పైపు మీద చెయ్యి వేసేవాళ్లు కాదు."

ఆ మాట మనసులో పడింది గానీ, చేతల్లోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఈలోపు నేనొక తప్పు చేశాను. దాన్ని దాచడం నాకిష్టం లేదు. నాట్ల రోజులు. రేపల్లె వైపు నుంచి పాము కరిచిన ఒకామెను తెచ్చారు. ట్రేలో గాజు ట్యూబులు అయిపోయాయి. సింకు దగ్గర కడిగి ఆరబెట్టిన ట్యూబు ఒకటి కనిపిస్తే అందులోనే రక్తం పోశాను. 20 నిమిషాల తర్వాత వంచితే గడ్డ కట్టలేదు. పరుగున వెళ్లి డ్యూటీ డాక్టరుకు చెప్పాను. ఆ డాక్టరమ్మ ట్యూబును లైటు కింద పెట్టి చూసి, "ఇది ఎక్కడిది సిస్టర్? సబ్బుతో కడిగారా?" అని అడిగారు. సబ్బు పొర ఉంటే మామూలు రక్తం కూడా సరిగ్గా గడ్డ కట్టదు. ప్లాస్టిక్ ట్యూబు కూడా పనికి రాదు. చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. కొత్త ట్యూబులో మళ్లీ చేస్తే చక్కగా గడ్డ కట్టింది. తెల్లారేదాకా మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నాం. గడ్డ కట్టింది కదా అని అక్కడితో వదిలేయకూడదు. నాగుపాము, కట్లపాము విషం నాడుల మీద పని చేస్తుంది కాబట్టి, కనురెప్పలు వాలుతున్నాయేమో కూడా గమనిస్తుండాలి. ఆమెకు ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నా తొందరపాటుతో, అవసరం లేని యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పది వయల్స్, అంటే పది చిన్న సీసాలు, ఆమె ఒంట్లోకి వెళ్లేవి. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆ ఏడాదిలో నాకు బాగా గుర్తుండిపోయిన రాత్రి ఇంకొకటి ఉంది. సత్తెనపల్లి దగ్గర ఒక ఊరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లాడు. పత్తిచేలో కరిచింది. అమ్మానాన్నలు పనికి వేరే ఊరు వెళ్లారట, వెంట నాయనమ్మ ఒక్కతే. ముందు ఊళ్లో మంత్రం వేయించారు, రెండు గంటలు పోయాయి. కాలికి తాడు బిగించి కట్టారు. పాదం ఉబ్బి నల్లబడింది. అలాంటి కట్టు చూడగానే విప్పేయాలనిపిస్తుంది. కానీ ముందు క్యాన్యులా పెట్టి, మందులు చేతికి అందేలా ఉంచుకుని, డాక్టరు పక్కనుండగా విప్పాలి. అలాగే విప్పాం.

రక్తం తీసి కొత్త ట్యూబులో పోసి స్టాండులో పెట్టాను. అప్పటికే ఇంకో రెండు 108లు గేటులోకి వచ్చాయి. ఆ నాయనమ్మ నా చీటీల టేబుల్ అంచు పట్టుకుని వణుకుతోంది. ఆవిడ దగ్గర ఆగాను. "నాయనమ్మా, ఇది నీ మనవడి రక్తం. పాలు తోడు పెట్టి కదపకుండా ఉంచుతాం చూడు, అట్లా ఉంచాలి. గడియారంలో పెద్ద ముల్లు ఇప్పుడు నాలుగు మీద ఉంది. ఎనిమిది మీదికి వచ్చేదాకా దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు. రాగానే నన్ను పిలువు" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, కొంగు నడుముకు చుట్టుకుని స్టాండు ముందు నిలబడింది. స్ట్రెచర్ తోసుకొచ్చే కుర్రాడిని కూడా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

ఎనిమిది మీదికి రాగానే పిలిచింది. ట్యూబు వంచాను. నీళ్లలా జారింది.

యాంటీ వీనమ్ పొడి రూపంలో వస్తుంది. ఒక్కో వయల్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి కరిగించాలి. త్వరగా కరగాలని ఊపితే నురగ వచ్చేస్తుంది. అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. పది వయల్స్ అలా దొర్లిస్తూనే ఆవిడతో మాట్లాడాను. "పసోడికి పది బుడ్లా అమ్మా?" అని భయపడింది. "పాము పిల్లోడని తక్కువ విషం వదలదు కదా నాయనమ్మా, అందుకే మందు కూడా పెద్దవాళ్లకు ఇచ్చినంతే ఇస్తాం. ఇది ఎక్కేటప్పుడు కొంతమందికి దద్దుర్లు వస్తాయి, దురద పెడుతుంది, వణుకు పుడుతుంది. అట్లా వస్తే ఆపి ఇంకో ఇంజెక్షన్ చేసి, తగ్గాక మళ్లీ మొదలుపెడతాం. నువ్వు వాడి పొట్ట, మెడ చూస్తూ ఉండు" అని చెప్పాను.

పావుగంట కూడా కాలేదు. నేను గది అవతలి వైపు ఇంకో పేషెంటుకు ఆక్సిజన్ పెడుతున్నాను. వెనక నుంచి నాయనమ్మ కేకేసింది: "అమ్మా, నువ్వు చెప్పిన దద్దుర్లు వచ్చినయ్!" పరుగెత్తాను. మెడ మీద ఎర్రగా పొంగుతున్నాయి, పిల్లాడు గోక్కుంటున్నాడు. డ్రిప్ ఆపాం, డాక్టరుగారు తొడకు అడ్రినలిన్ ఇచ్చారు. తగ్గాక మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టాం. ఆవిడ చూడకపోయి ఉంటే నేను అటు తిరిగేసరికి ఎంతసేపయ్యేదో చెప్పలేను. ఆ గదిలో అప్పుడు ఉన్నది ఇద్దరు సిస్టర్లం. పిల్లాడి మీదే చూపు పెట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ ఒక్కతే.

మందు ఎక్కిన ఆరు గంటలకు, తెల్లవారుతుండగా మళ్లీ రక్తం తీశాను. ఈసారి నేను చెప్పకముందే ఆవిడ గడియారం చూసి, "రెండు మీదుంది, ఆరు మీదికి రావాలి" అంది. టైము కాగానే ట్యూబు వంచాను. కదల్లేదు. ఇంకా వంచాను. ఆవిడ ముఖం దగ్గరగా పెట్టి చూసి, "పెరుగు తోడుకున్నట్టే ఉందమ్మా" అని, నా చెయ్యి తన కళ్లకు అద్దుకుంది.

పొద్దున్నే డ్యూటీ అప్పగిస్తూ నేను కేస్ షీట్లు రాసుకుంటున్నాను. పక్క బెడ్డుకు పాము కరిచిన ఒక కూలీ వచ్చాడు, వెంట భార్య. మా సిస్టర్ ట్యూబు స్టాండులో పెట్టి వేరే పనికి వెళ్లింది. నాయనమ్మ మనవడి మంచం దిగి వాళ్ల దగ్గరికి వెళ్లి, గోడ మీద గడియారం వైపు వేలు చూపిస్తూ ఆ అమ్మాయికి పెద్ద ముల్లు సంగతి చెబుతోంది.