నక్కవాగు నమూనా ఎప్పుడు, ఎలా పట్టాలి?

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసుకుని మంజీరలో కలిసే నక్కవాగు గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. ఉమ్మడి శుద్ధి కేంద్రమూ వచ్చింది. అయినా 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు చూశారు. "శుద్ధి చేసే వదులుతున్నాం" అనే జవాబు ఫ్యాక్టరీల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని నిలదీయాలంటే ఊరి చేతిలో సరైన నమూనా ఉండాలి.

వ్యర్థాలు వదిలే పైపుకు ఎగువన ఒకటి, పైపు దగ్గర ఒకటి, నీళ్లు బాగా కలిశాక దిగువన ఒకటి పట్టాలి. ఎగువది లేకపోతే తప్పు పైనున్న వాళ్ల మీదికి నెట్టేస్తారు. గ్లౌజులు వేసుకుని, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, జానెడు లోతున నింపాలి. పైన తేలే నురగ రాకూడదు.

వ్యర్థాలు పెరిగితే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ ఆక్సిజన్ పరీక్ష అక్కడికక్కడే మొదలుపెట్టాలి. ఈ పరీక్షకు వాడే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను బుడగ లేకుండా నింపి, 2 మిల్లీలీటర్ల మాంగనస్ సల్ఫేట్, మరో 2 మిల్లీలీటర్ల ఆల్కలీ అయోడైడ్ అజైడ్ ద్రావణాలను పిపెట్ (కొలత గొట్టం) కొన నీళ్లలో ముంచి వదలాలి. మూత పెట్టి తిరగేస్తే గోధుమరంగు మడ్డి దిగిందంటే ఆక్సిజన్ ఉన్నట్టు. పాలు విరిగినట్టు తెల్లగా దిగితే లేనట్టే. ఇది ఊళ్లో ఎవరికైనా కంటికి కనిపించే రుజువు. చాలామంది దీన్ని మధ్యాహ్నం చేసి దెబ్బతింటారు. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మురికి వాగు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. తెల్లవారకముందే పట్టాలి. వాన పడ్డ వెంటనే పట్టకూడదు, పలచబడిన నీళ్లే దొరుకుతాయి.

వ్యర్థాల మోతాదు తెలిపే ల్యాబు పరీక్ష సీఓడీకి వేరే సీసా. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించి, ఐసు పెట్టెలో ల్యాబుకు పంపాలి. టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్ముకోవద్దు, అది ఉప్పునే పట్టుకుంటుంది, మందుల అవశేషాలను కాదు.

ఇంతా చేసినా ఈ నమూనా కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అధికారే ఫ్యాక్టరీకి నోటీసిచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి. అందుకే ఫిర్యాదులో "కంపు కొడుతోంది" అని వదిలేయకుండా ఏ పైపు, ఏ గంట, మూడు చోట్లా ఆక్సిజన్ ఉందా లేదా అన్నది రాసి, ఆ గంటకే వచ్చి పట్టమని అడగాలి.