తడి వేలు

మొన్న మంగళవారం ఇక్కడ అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులో నాకు చీవాట్లు పడ్డాయి. పాత పుస్తకంలో పేజీ తిప్పడానికి నాలుకకి వేలు అద్దుకున్నాను, అంతే. వెనక నుంచి "అమ్మాయ్, నా పుస్తకాలకి తడి వేలు పెట్టొద్దు" అని వినిపించింది. గట్టిగా ఏం అరవలేదు ఆవిడ, కానీ ఆ గదిలో ఇంకో ఇద్దరు పని చేసుకుంటున్నారు, ఇద్దరూ తలెత్తి చూశారు. ఆరేళ్ళుగా ఈ పనే చేస్తున్నదాన్ని, ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని, చెవులు వేడెక్కిపోయి సారీ చెప్పి వేలు ప్యాంటుకి తుడుచుకున్నాను.

నేను డాలస్ దగ్గర ఒక టైటిల్ కంపెనీలో పనిచేస్తాను. ఎవరైనా భూమి కొంటుంటే అది నిజంగా అమ్మేవాళ్ళదేనా, దాని మీద తాకట్లేమైనా ఉన్నాయా, మధ్యలో ఎవరైనా వారసుడు సంతకం పెట్టకుండా మిగిలిపోయాడా అని వెనక్కి వెనక్కి వెళ్ళి చూడటం నా పని. మన మాటల్లో చెప్పాలంటే ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ పోవడం. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, ఏ కౌంటీ భూమి దస్తావేజులు ఆ కౌంటీ క్లర్క్ దగ్గరే ఉంటాయి. పెద్ద కౌంటీలవి చాలావరకు ఇంట్లో కూర్చుని చూడొచ్చు గానీ చిన్న కౌంటీల పాత పుస్తకాల కోసం కారు వేసుకుని వెళ్ళాల్సిందే. నేను వెళ్ళింది అలాంటి ఊరే, రెండు గంటల దారి.

ఆ చీవాట్లు తిరుగు ప్రయాణం అంతా నన్ను వదల్లేదు. ఎందుకో చెప్తాను. ఆ తడి వేలు మా నాన్నది.

నాన్న నరసరావుపేటలో డాక్యుమెంట్ రైటర్. నలభై ఏళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చున్నారు. బడి అయ్యాక నేను అక్కడికే వెళ్ళేదాన్ని. నాన్న వేలు తడుపుకుని స్టాంపు కాగితాలు లెక్కపెట్టడం, హద్దులు పైకి చదువుతూ "తూర్పు డొంక, పడమర ఫలానావారి పొలం" అంటూ రాసుకుపోవడం, చివరికి "పుత్రపౌత్ర పారంపర్యంగా దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో" దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం పెంచడం, ఇవన్నీ నా ఒంట్లోకి ఎక్కాయి. ఇక్కడి దస్తావేజుల్లోనూ ఆ వాక్యం ఉంటుంది, కొన్నవాడికీ వాడి వారసులకీ ఎప్పటికీ చెందేట్టు అని. అది చదివిన ప్రతిసారీ నాకు నాన్న గొంతే వినిపిస్తుంది. మరి కాగితం ముట్టుకునేటప్పుడు ఆ వేలు రాకుండా ఎలా ఉంటుంది?

అందుకే కారులో కూర్చుని ఆవిడతో మనసులోనే వాదన పెట్టుకున్నాను. మీకు కాగితం అంటే అంత ప్రాణమా తల్లీ, మరి మనిషి సంగతేంటి?

ఇక్కడ దస్తావేజు రికార్డు చేయించడానికి మనిషి అవసరం లేదు. అమ్మేవాళ్ళు నోటరీ ముందు సంతకం చేస్తే చాలు. కొనేవాళ్ళ సంతకం ఉండదు, సాక్షులుండరు. కొనేవాళ్ళ చిరునామా మాత్రం కాగితం మీద ఉండాలి. పోస్టులో పంపినా తీసుకుంటారు, కంప్యూటర్లో పంపినా తీసుకుంటారు. మొదటి పేజీకి 25 డాలర్లో 26 డాలర్లో, ఆపైన పేజీకి 4 డాలర్లు. స్టాంపు డ్యూటీ అనేదే ఈ రాష్ట్రంలో లేదు. క్లర్కు సంతకం, నోటరీ ముద్ర సరిగ్గా ఉన్నాయా అని చూసి, నంబరూ టైమూ వేసి, స్కాన్ చేసి అసలు కాగితం మనకే తిప్పి పంపేస్తారు. ఆ భూమి అమ్మినవాడిదేనా అని అడగరు, అది వాళ్ళ పని కాదు. మొదటిసారి మా సొంత ఇంటి దస్తావేజు అలా కవర్లో ఇంటికొస్తే నేను చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మా ఇల్లు ఎవరు అమ్మారో వాళ్ళ మొహం నేను ఇప్పటికీ చూడలేదు.

అదే మన దగ్గర? భూమి విలువలో ఏడున్నర శాతం స్టాంపు డ్యూటీకీ ఫీజులకీ కట్టి, పొద్దున్నుంచి చెట్టు కింద నిలబడి, సర్వర్ డౌన్ అంటే మళ్ళీ మర్నాడు వచ్చి, నిజమే, ఆ బాధలు నాకు తెలియనివి కావు. కానీ ఇద్దరూ రావాలి. ఫోటో దిగాలి, వేలిముద్ర వెయ్యాలి. సాక్షులు పక్కన నిలబడాలి. సబ్ రిజిస్ట్రారు అమ్మే మనిషి మొహంలోకి చూసి "నువ్వే రాసిచ్చావా? డబ్బు ముట్టిందా?" అని అడుగుతాడు. పొలం అమ్ముకుంటున్న ముసలాయన ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక ఒక్క క్షణం ఆగిపోవడం నేను చూశాను. కొన్నవాళ్ళే ఆయన్ని పట్టుకుని మెట్లు దింపి టీ తాగించడమూ చూశాను. మన దగ్గర కాగితం నలిగిపోతుంది, పసుపు అంటుకుంటుంది, సిరా మరకలు పడతాయి, కానీ మనిషి కనబడకుండా పోడు. ఇక్కడ కాగితాన్ని పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటారు, మనిషి మాత్రం కాగితం చివర ఒక సంతకం.

ఇలా రెండు గంటలూ వాదించి, గెలిచానని అనుకుని ఇంటికి చేరాను. కానీ ఆ మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది, అది దాచిపెట్టి ఇంతవరకే రాస్తే అబద్ధం అవుతుంది.

చీవాట్లు పెట్టిన పావుగంటకి ఆవిడ మళ్ళీ నా దగ్గరికొచ్చింది. అరవై దాటిన మనిషి, మెడలో కళ్ళజోడు గొలుసు. ఇనుప రోలర్ల మీద నుంచి ఒక ఇండెక్సు పుస్తకం లాగి, వాలు బల్ల మీద నా ముందు తెరిచింది. రెండు చేతులూ వేస్తే తప్ప లేవని పుస్తకం. కుడిచేతి పేజీ కింది మూల చూపించింది. ఆ మూల లేదు. చిరిగిపోలేదు, కత్తిరించలేదు, వందేళ్ళుగా తిప్పిన వేళ్ళకి అరిగి, మెత్తబడి, అరటిపండు తొక్కలా నల్లబడి రాలిపోయింది. ఇండెక్సులో ఎడమ నుంచి అమ్మినవాళ్ళ పేరు, కొన్నవాళ్ళ పేరు, ఏ రకం దస్తావేజు, చివర కుడి పక్కన ఏ పుస్తకం, ఎన్నో పేజీ అని ఉంటాయి. పేర్లు ఉన్నాయి. పుస్తకం నంబరూ పేజీ నంబరూ ఉండాల్సిన చోటు పోయింది. "ఇందులో కింది నాలుగు వరసల వాళ్ళు ఎక్కడున్నారో ఈ పేజీ చెప్పలేదు" అంది ఆవిడ. అంత మాత్రమే అని వెళ్ళి తన పని చూసుకుంది.

నేను వెతుకుతున్న పేరు ఆ నాలుగు వరసల్లో మూడోది.

ఇక్కడ ఇండెక్సు రెండు రకాలుగా ఉంటుంది, అమ్మినవాళ్ళ పేరు మీద ఒకటి, కొన్నవాళ్ళ పేరు మీద ఇంకొకటి. ఒక దస్తావేజు రెండిట్లోనూ ఎక్కుతుంది. కాబట్టి కొన్నవాళ్ళ పేరు పట్టుకుని రెండో దాంట్లో వెతికాను, అక్కడ మూల బాగానే ఉంది. నంబర్లు రాసుకుని ఆ పుస్తకం తీస్తే 1911 నాటి అమ్మకం దొరికింది, క్లర్కు చేత్తో తిరగరాసిన నకలు. భార్యాభర్తలు కలిసి 80 ఎకరాలు అమ్మారు, కొలతలన్నీ 'వారా'ల్లో. వారా అంటే మెక్సికో కాలం నుంచి వచ్చిన కొలత, ఒక్కోటి 33 అంగుళాల చిల్లర. పేజీకి డాలరు కట్టి కాపీ తీసుకున్నాను. బయల్దేరేటప్పుడు ఆవిడకి థాంక్స్ చెప్పాను గానీ మనస్ఫూర్తిగా చెప్పలేదు, ఇంకా నా వేలే గుర్తొస్తోంది.

రాత్రి తొమ్మిదింటికి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న కాఫీ టైము. నా వైపు మాట్లాడతారని తడి వేలు సంగతి ముందు చెప్పాను. నాన్న మాట్లాడలేదు. అరిగిపోయిన మూల గురించి చెప్తుంటే మాత్రం మధ్యలో ఆపి, "మరి దొరికిందా?" అన్నారు. రెండో ఇండెక్సులో దొరికిందన్నాను. "మనకీ అంతేగా. పేర్ల ఇండెక్సులో దొరక్కపోతే ఆస్తి ఇండెక్సు చూసేవాళ్ళం," అని, కాసేపాగి, "ఆవిడ చెప్పింది కరెక్టేనమ్మా. చెమట వేలికే సిరా నిలవదు, తడి వేలికి ఏం నిలుస్తుంది. ఆఫీసు పుస్తకాల జోలికి నేనెప్పుడూ అలా వెళ్ళలేదు, నా స్టాంపు కాగితాలకే," అన్నారు. అది నాకు తెలియదు. నేను చూసింది ఆయన బల్ల వరకే కదా. ఫీజు కడితే భూమి దస్తావేజులుండే 1వ పుస్తకం ఎవరైనా చూడొచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెప్తుందట గానీ, ఆ గదిలోకి నేను ఏనాడూ అడుగుపెట్టలేదు.

తర్వాత ఎప్పటిలాగే పనిలోకి దిగారు. ఎవరు అమ్మారు, ఎంతకి, హద్దులేంటి. "సాక్షులు ఎవరెవరు?" అన్నారు.

"ఇక్కడ సాక్షులుండరు నాన్నా."

"మరి ఆ భార్య ఇష్టపడే అమ్మిందని ఎవరు చెప్తారు? మొగుడు పెట్టమంటే పెట్టిందేమో సంతకం."

కాపీ నా పక్కనే ఉంది. చివరి పేరా తీశాను. ఆ కాలం దస్తావేజుల్లో ఈ పేరా ఎప్పుడూ ఉంటుంది, వందల సార్లు చూసి దాటేశాను, మా పనికి తేదీ, ముద్ర ఉంటే చాలు. నాన్న కోసం ఒక్కో మాటా తెలుగు చేసుకుంటూ చదివాను. "ఆమెను భర్త దగ్గర లేకుండా విడిగా విచారించగా, దస్తావేజు మొత్తం విడమరిచి చెప్పగా, ఇది తాను చేసినదేననీ, ఇష్టపూర్వకంగానే సంతకం పెట్టాననీ, వెనక్కి తీసుకోవాలన్న కోరిక లేదనీ నా ముందు ఒప్పుకున్నది." కింద నోటరీ పేరు, తేదీ.

అవతల కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఆ విడిగా అన్న దగ్గర్నుంచి ఇంకోసారి చదువమ్మా," అన్నారు.