217 నంబర్ కార్డు

తెల్లవారుజామున నిద్రలో షిప్ దేనికో ఆనుకుని చిన్నగా కుదిపితే చాలు, లాకుల్లో ఉన్నామని తెలిసిపోతుంది. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది మీద లింజ్ నుంచి మెల్క్ దాకా ఒక్క రాత్రిలో నాలుగు లాకులు దాటాలి. సిబ్బంది క్యాబిన్లు నీటి మట్టానికి కిందనే ఉంటాయి కాబట్టి ఆ చప్పుళ్ళన్నీ మా తలగడ పక్కనే వినిపిస్తాయి.

గేట్లు మూసి, నీటి మట్టం మార్చి పడవల్ని దాటించే లాకులంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మాది సఖినేటిపల్లి. ధవళేశ్వరం లాకులు, విజ్జేశ్వరం లాకులు అన్న మాటలు వింటూనే పెరిగాను. మా షిప్ పొడవు 135 మీటర్లు, వెడల్పు పదకొండున్నర మీటర్లకు కాస్త తక్కువ. ఈ నదుల మీద తిరిగే పెద్ద షిప్పుల్లో చాలావాటికి ఇదే కొలత. జర్మనీలో మైన్ నది మీద లాకులు 12 మీటర్ల వెడల్పే. షిప్ అంతకు మించితే రైన్ వైపు నుంచి డాన్యూబ్‌లోకి రాలేదు. ఆ రెండు వైపులనూ కలిపే 171 కిలోమీటర్ల కాలువ 1992లో పూర్తయింది. ఆస్ట్రియాలో మాత్రం డాన్యూబ్ లాకులు 24 మీటర్ల వెడల్పుంటాయి. రెండు షిప్పులు పక్కపక్కన పట్టేస్తాయి, మధ్యలో చెయ్యి దూర్చే సందు కూడా మిగలదు.

మాది టూరిస్టుల షిప్, నేను రిసెప్షన్లో పనిచేస్తాను. ఇది నాలుగో సీజన్. మార్చి ఆఖరులో ఎక్కితే దిగేది డిసెంబర్లోనే. మా వైపు విదేశం అంటే గల్ఫే. మా మేనత్త కువైట్‌లో పదిహేనేళ్ళు ఇళ్ళల్లో పనిచేసి వచ్చింది. నేను నది మీద పనికి వెళ్తున్నానని చెప్పినప్పుడు ఆవిడకి నమ్మకం కుదరలేదు. "నది మీద పని చేయడానికి అంత దూరం ఎందుకురా, మనకి గోదారి లేదా" అంది.

ఈ జులైలో ఒక రోజు గురించి చెప్పాలి. పొద్దున మెల్క్, మధ్యాహ్నం డ్యూర్న్‌స్టైన్. రెండూ ఆస్ట్రియాలో వాచావు అనే లోయకి చెందినవి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా దాదాపు 36 కిలోమీటర్ల లోయ అది. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

టూర్ ఉన్న రోజు నా పని ఆరున్నరకి మొదలవుతుంది. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉన్న ఆడియో సెట్లను ముందు చూసుకోవాలి. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, మెడలో వేసుకునే తాడు, చెవికి తగిలించుకునే వైరు. గైడ్ మెల్లగా మాట్లాడినా గ్రూపులో అందరికీ వినబడుతుంది, కాస్త దూరం జరిగితే గరగర, ఇంకాస్త జరిగితే ఏమీ ఉండదు. తర్వాత గ్రూపులు. బాగా నడవగలిగేవాళ్ళు వేరు, నెమ్మదిగా నడిచేవాళ్ళు వేరు. మా గెస్టుల్లో ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళు. మోకాళ్ళకి ఆపరేషన్ అయినవాళ్ళు, చేతికర్రతో వచ్చేవాళ్ళు, భర్త పోయాక ఒక్కరే తిరిగేవాళ్ళు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది నా వెనక గోడకున్న బోర్డు. వరుసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక ప్లాస్టిక్ కార్డు, దాని మీద క్యాబిన్ నంబర్. దిగేటప్పుడు కార్డు తీసి ఇస్తాం, తిరిగొచ్చి ఇస్తే తగిలిస్తాం. ఖాళీ కొక్కెం కనబడిందంటే ఒక మనిషి ఇంకా ఒడ్డున ఉన్నట్టు. కంప్యూటర్ స్కానింగ్ కూడా ఉంది. అయినా నా కళ్ళు బోర్డు మీదికే పోతాయి.

దానికి కారణం ఉంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్ళే బోటు మునిగింది. అప్పుడు నేను రాజమండ్రిలో ఒక చిన్న హోటల్ రిసెప్షన్లో ఉన్నాను. ఆ రాత్రి నుంచే బంధువులు రావడం మొదలుపెట్టారు, హైదరాబాద్ నుంచి, వరంగల్ నుంచి, విశాఖ నుంచి. బోటులో ఎంతమంది ఎక్కారన్నది మొదట ఒక్కో ఛానల్లో ఒక్కో లెక్క. 26 మంది బయటపడ్డారని తేలాక కూడా మొత్తం ఎందరో గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. ఒకాయన గది తాళం చేతిలో పట్టుకుని నా ఎదురుగా నిలబడి, "బాబూ, లిస్టు ఏమైనా వచ్చిందా, మావాడి పేరుందేమో చూసి చెప్పవా" అని రెండు రోజులు అడుగుతూనే ఉన్నాడు. నా దగ్గర ఏ లిస్టూ లేదు. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం బోటును పైకి తీసింది. టీవీలో అది చూస్తుంటే నాకు ఆయన చేతిలోని తాళమే గుర్తొచ్చింది.

అందుకే ఈ బోర్డు నాకు ఉద్యోగంలో ఒక భాగంలా అనిపించదు. ఉద్యోగమే అది.

ఎనిమిదిన్నరకి మెల్క్‌లో బస్సులు కదిలాయి. కొండ అంచున పసుపు రంగులో కనబడే మఠం, 1089 నుంచి బెనెడిక్టిన్ సన్యాసులది. ఇప్పుడున్న కట్టడం యాకోబ్ ప్రాంట్‌టావర్ నమూనా మీద 1702లో మొదలై 1736లో పూర్తయింది. నేను పైకి వెళ్ళింది ఒక్కసారే, రెండో సీజన్లో, గంటన్నర విరామంలో. లైబ్రరీ పైకప్పు మీద పౌల్ ట్రోగర్ బొమ్మలను గెస్టులు మెడలు నొప్పి పుట్టేదాకా చూస్తున్నారు. నేను చూసింది కొంచెమే. పాలరాతి హాలుకీ లైబ్రరీకీ మధ్య బయట ఒక పెద్ద వరండా ఉంటుంది. అక్కడ నిలబడితే కింద ఊరి కప్పులు, నది పాయ, అగ్గిపెట్టెల్లా షిప్పులు. వాటిలో మాది ఏదో వెతుక్కుంటూ ఉండిపోయాను. నాలుగేళ్ళలో మెల్క్‌కి దాదాపు యాభై సార్లు వచ్చి ఉంటాను. నేను చూసిన మెల్క్ మాత్రం ఆ గంటన్నరే. మిగతాదంతా తిరిగొచ్చేవాళ్ళ ముఖాల్లో చూడటమే.

పన్నెండుకి అందరూ ఎక్కారు. ఒక్క కొక్కెం కూడా ఖాళీ లేదు. తాళ్ళు వదిలారు.

మెల్క్ నుంచి డ్యూర్న్‌స్టైన్ దాకా 27 కిలోమీటర్లు. డాన్యూబ్ మీద కిలోమీటర్లు సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి లెక్కేస్తారు. మెల్క్ 2036, డ్యూర్న్‌స్టైన్ 2009. ఒడ్డున బోర్డుల మీద అంకెలు తగ్గుతూ పోతుంటే ఎవరో సముద్రం వైపు లాక్కెళ్తున్నట్టే ఉంటుంది. రెండు పక్కలా రాళ్ళు పేర్చిన గట్ల మీద ద్రాక్ష తోటలు, కింద ఆప్రికాట్ చెట్లు. ఎడమ పక్కన విల్లెన్‌డార్ఫ్ వస్తుంది. 1908లో అక్కడే 11 సెంటీమీటర్ల రాతి బొమ్మ ఒకటి దొరికింది, స్త్రీ రూపం, దాదాపు 30 వేల ఏళ్ళ నాటిది. ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. మైకులో ఆ సంగతి చెప్పగానే గెస్టులంతా ఎడమ పక్కకి వచ్చేస్తారు, కానీ నీళ్ళ మీంచి కనబడేది పల్లెటూరు మాత్రమే.

నేను ఎదురుచూసేది స్పిట్జ్ ఊరి కోసం. అక్కడ పంటు ఉంది. నదికి అడ్డంగా పైన తీగ కట్టి, దానికి పంటును వేలాడదీశారు. ఇంజన్ లేదు. చుక్కాని కాస్త తిప్పితే ప్రవాహమే దాన్ని పక్కకి తోస్తుంది, కార్లతో సహా అవతలి ఒడ్డుకు పోతుంది. లోయ పొడుగునా, అటు మెల్క్‌కీ ఇటు క్రెమ్స్‌కీ మధ్య వంతెన లేదు. నర్సాపురం వెళ్ళడానికి మేమూ పంటే ఎక్కేవాళ్ళం. వంతెన వస్తుందన్న మాట వింటూనే నేను హైస్కూల్ దాటాను. మొదటిసారి స్పిట్జ్ పంటును చూసినప్పుడు వీడియో తీసి అమ్మకి పంపాను. "పొగ లేదేంట్రా" అని అడిగింది.

రెండు గంటలకి డ్యూర్న్‌స్టైన్. నీలం రంగు చర్చి గోపురం, రాళ్ళ వీధి, పైన కొండ మీద కూలిన కోట. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192 శీతాకాలంలో ఆస్ట్రియా పాలకుడు ఐదో లియోపోల్డ్ బంధించి ఉంచింది ఇక్కడే. విడుదలకి వచ్చిన సొమ్ముతో వియన్నా గోడలు కట్టించుకున్నారు. 1645లో స్వీడన్ సైన్యం కోటను పేల్చేసింది. కథ వినగానే సగం మందికి పైకి ఎక్కాలనిపిస్తుంది.

217లో ఉన్న ఆవిడ కెనడా నుంచి ఒక్కరే వచ్చారు, 78 ఏళ్ళు. దిగే ముందు నా దగ్గర ఆగి, పైకి ఎంతసేపు పడుతుందని అడిగారు. "ఇరవై నిమిషాలు" అన్నాను. ఆవిడ తలూపి కార్డు తీసుకుని వెళ్ళారు.

నాలుగున్నరకి షిప్ కదలాలి. నాలుగూ పదికి అందరూ వచ్చేస్తున్నారు, ఒకాయన ఆప్రికాట్ల సంచి పట్టుకుని, ఒకావిడ జామ్ సీసాలతో. చల్లటి టవళ్ళు ఇస్తున్నాం, కార్డులు తగిలిస్తున్నాం. నాలుగూ ఇరవైకి బోర్డు మీద ఒక్క కొక్కెం మిగిలింది.

ఇలాంటప్పుడు మనిషి చాలాసార్లు లోపలే దొరుకుతారు. కార్డు ఇవ్వడం మర్చిపోయి గదిలో పడుకుని ఉంటారు. గదికి ఫోన్ చేశాను, మోగుతూనే ఉంది. హౌస్‌కీపింగ్ అమ్మాయి వెళ్ళి తలుపు తట్టి చూసింది, లేరు. పై డెక్ మీద లేరు, లాంజ్‌లో లేరు. రెండుసార్లు మైకులో పిలిచాం. గైడ్‌కి ఫోన్ చేస్తే, మూడింటికే గ్రూపును స్వేచ్ఛగా తిరగమని వదిలేశానంది. ఇంతలో కెప్టెన్ నుంచి కబురు. మేమున్న రేవు మరో షిప్‌కి ఐదింటికి ఇచ్చారు, ఆలస్యమైతే దాన్ని నది మధ్యలో ఆపాలి.

టెన్షన్ అంటే ఏమిటో నాకు కడుపులో తెలుస్తుంది. నేను వెళ్తానన్నాను. టూర్ మేనేజర్ రేడియో చేతికిచ్చింది.

రేవు నుంచి వీధిలోకి మెట్లు, వీధి నుంచి కోటకి రాళ్ళ దారి. జులై ఎండ. ఎదురు దిగేవాళ్ళందరినీ తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దావిడను చూశారా అని అడుగుతూ పరిగెత్తాను. మూడో వంతు దారి ఎక్కేసరికి, మలుపులో ఒక రాయి మీద కూర్చుని కనబడ్డారు. ఎడమ చెప్పు అడుగు ముందు నుంచి సగం దాకా ఊడిపోయి నాలుకలా వేలాడుతోంది. ఒళ్ళో ఆడియో సెట్, అందులో గరగర. ఎవరైనా వింటారేమోనని దాన్నే పట్టుకుని మాట్లాడుతున్నారట. అది వినడానికి మాత్రమే అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నన్ను చూసి, "పైకి ఎక్కడానికే యాభై ఐదు నిమిషాలు పట్టింది" అన్నారు. కోపంగా కాదు. జరిగింది చెప్పినట్టు.

ఆ ఇరవై నిమిషాలు నావి. ముప్పై రెండేళ్ళ నా కాళ్ళవి. ఆవిడ కాళ్ళను చూసి కూడా ఆ మాట ఎలా అనేశానో ఇప్పటికీ మింగుడు పడదు.

సెట్ తాడు విప్పి చెప్పు అడుగును పాదంతో కలిపి రెండు చుట్లు చుట్టి పైన ముడేశాను. కోనసీమలో తెగిన చెప్పుని కొబ్బరి పీచు తాడుతో కట్టుకుని బడికి వెళ్ళినవాళ్ళకి ఆ ముడి వచ్చు. ఆవిడ నా భుజం పట్టుకున్నారు. ఒక్కో రాయీ చూసుకుంటూ దిగాం. తొందరపెట్టకూడదని రేడియో గొంతు తగ్గించేశాను. మధ్యలో ఒకచోట ఆగి, నదిని చూపించి, పైనుంచి చూస్తే మీ షిప్ చాలా చిన్నగా ఉందన్నారు. మీ షిప్ అన్నారు, మన షిప్ అనలేదు. ఆ మాట ఎందుకో నాకు బాగా అనిపించింది.

గ్యాంగ్‌వే దగ్గర కార్డు నా చేతిలో పెట్టారు. చెమటకి తడిసి ఉంది. తుడవకుండానే తగిలించాను. నాలుగూ యాభై రెండుకి తాళ్ళు వదిలారు.

ఐదున్నరకి అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ రాత్రి తొమ్మిది. నేను ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నానో గోడ క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసుకుంటుంది. డ్యూర్న్‌స్టైన్ అని రాయడం ఇప్పటికీ కుదరలేదు, "కోట ఊరు" అని రాస్తుంది. ఊరి పేరు అయ్యాక ప్రతిసారీ అడిగేది ఒకటే. "అందరూ ఎక్కేశారా?" రాజమండ్రిలో ఆ రెండు రోజులూ నేను ఇంటికి ఫోన్ చేసి ఏమేం చెప్పానో ఆవిడకి గుర్తుంది.

"ఎక్కేశారమ్మా. ఒకావిడ కాస్త లేటయ్యారు."

"నువ్వేం అనలేదు కదా ఆవిడని?"

"లేదమ్మా."

ఇక్కడి నియమం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఉండాలి, అందులో 6 గంటలు ఏకధాటిగా. ఆ రోజు నా డ్యూటీ ఎనిమిదికే అయిపోయింది. అయినా సెట్లు సర్దడానికి మళ్ళీ వచ్చాను. 217 సెట్‌కి తాడు లేదు, ఆవిడ చెప్పుకే ఉండిపోయింది. డ్రాయర్‌లోంచి కొత్త తాడు తీసి కట్టి ఛార్జింగ్‌లో పెట్టాను. తర్వాత రేపటి వియన్నా మ్యాపులు తీసి, స్టెఫాన్స్‌డోమ్ చర్చి దగ్గర "15 నిమిషాల నడక" అని నేనే రాసిపెట్టిన చోట ఆ అంకె కొట్టేసి, మధ్యలో కూర్చోవడానికి బెంచీలు ఎక్కడెక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. మ్యాపులు 184. ముప్పయ్యో మ్యాపు దగ్గర ఉండగా షిప్ మెల్లగా కుదిపింది. గ్రైఫెన్‌స్టైన్ లాకులు. కిటికీలోంచి తడి గోడ నెమ్మదిగా పైకి లేస్తోంది.