టాంగ్ కాలపు రసవాదిని కథలోకి తెచ్చేముందు

చైనా టాంగ్ రాజుల కాలంలో నడిచే టీనేజీ ఫాంటసీ నవల రాస్తున్నారా? మాయ ఎంతైనా కల్పించండి, కొలిమి మాత్రం నిజంగా పనిచేయాలి.

అమరత్వాన్నిచ్చే మందు కోసం రసవాది వాడే ముడిసరుకు ఇంగిలీకం. ఆ ఎర్రరాయి బరువులో దాదాపు 86 శాతం పాదరసమే, మిగతాది గంధకం. గాలి తగిలేలా కాలిస్తే గంధకం ఘాటైన పొగై పోతుంది, పాదరసం ఆవిరై చల్లని చోట బొట్లుగా చేరుతుంది. దాన్ని మళ్లీ గంధకంతో నూరితే నల్లటి పొడి వస్తుంది. ఆ పొడిని మూసిన పాత్రలో బాగా వేడిచేస్తే ఆవిరై పైకి లేచి, మూతకు ఎర్రగా పేరుకుంటుంది. మన ఆయుర్వేదంలో రససింధూరం తయారీదీ ఇదే దారి. పోయిన ఎరుపు తిరిగి రావడమే అమరత్వం మీద రసవాదుల నమ్మకానికి పెద్ద ఆధారం. ఈ ఘట్టానికి ఒక అధ్యాయం మొత్తం ఇచ్చినా తప్పులేదు.

పాత్ర అతుకులకు 'ఆరు-ఒకటి మట్టి' మెత్తుతారు. ఆల్చిప్పల పొడి, ఉప్పు, ఎర్రమట్టి వంటివి అందులో ఉంటాయి. తడి ఆరకుండా మంట పెడితే పగుళ్లిచ్చి ఆవిరి బయటికొస్తుంది. పాదరసపు ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. కొలిమి ఊదే కుర్రాడికి తెలిసే దారే లేదు.

పాదరసపు విషం ఒక్క గుటకలో చంపినట్టు మాత్రం రాయకండి. ముందు చేతుల వణుకు, చిగుళ్ల వాపు, ఊరికే చిరాకు. 846లో చనిపోయిన వూజోంగ్ చక్రవర్తి ఇలాంటి అమరత్వపు మందులు మింగినవాడే, చివర్లో అతని కోపతాపాలకు అంతులేదు.