సర్జ్ ప్రొటెక్టర్ కన్నా ముందు ఎర్తింగ్: పర్లాకిమిడిలో నా అనుభవం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మార్చి దాటిందంటే సాయంత్రాలు కాలబైశాఖి (వేసవి గాలివాన) ఉరుములే. టీవీ, రౌటరు, ఇన్వర్టరు కాలిపోవడానికి పిడుగు మన ఇంటి మీదే పడనక్కర్లేదు. కాస్త దూరాన పడినా కరెంటు తీగల్లోనూ డిష్ కేబుల్లోనూ వేల వోల్టులు పుడతాయి. ఇలా ఒక్కసారిగా ఎగబాకే వోల్టేజీని (సర్జ్‌ను) నేలలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ ఇంటికి పెట్టించాలనుకున్నప్పుడు నేను మొదట చూసింది పెరట్లోని ఎర్తింగునే. ఆ వోల్టులను నేలలోకి దించే దారి సరిగా లేకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా వృథా.

ఉప్పు, బొగ్గు వేసిన పాత ఎర్తింగ్ గుంతను నమ్మలేదు. వానలకు ఉప్పు కొట్టుకుపోతుంది, పోయేలోగా ఇనప పైపును తినేస్తుంది. మూడు మీటర్ల రాగిపూత రాడ్లు రెండు దింపించి, చుట్టూ బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమట్టి) పోయించాను. రెండింటి మధ్య కనీసం రాడ్డు పొడవంత ఎడం ఉండాలి, దానికి రెట్టింపైతే ఇంకా మేలు. ఎర్త్ టెస్టరుతో ఎర్తింగ్ నిరోధం కొలత మే నెలలో తీయించండి. తడి నేలలో అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, అది చూసి మోసపోతాం. ఎండిన నేలలో 10 ఓమ్‌లలోపు వస్తే ధైర్యంగా ఉండొచ్చు.

తరువాత మెయిన్ బోర్డులో టైప్ 2 (తీగల వెంట వచ్చే సర్జ్‌లను ఆపే రకం) ప్రొటెక్టర్: ఎప్పుడూ 320 వోల్టుల దాకా తట్టుకునేది, సర్జ్ వస్తే 40 కిలోఆంపియర్ల దాకా నేలలోకి దించేది. మా వైపు రాత్రిళ్లు వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి 275 వోల్టులది వద్దన్నాను. ఇంటిపైన పిడుగు కడ్డీ ఉన్నవాళ్లకు మాత్రం టైప్ 1 (నేరుగా పడిన పిడుగు కరెంటును తట్టుకునే రకం) కూడా తప్పనిసరి.

పని చెడేది ఎక్కువగా తీగ పొడవు దగ్గరే. ఫేజు నుంచి ప్రొటెక్టరుకు, అక్కడినుంచి ఎర్త్ బారుకు (బోర్డులో ఎర్త్ తీగలన్నీ కలిసే పట్టీకి) వెళ్లే తీగ మొత్తం కలిపి అర మీటరు మించకూడదు. సర్జ్ వచ్చిన క్షణంలో ఒక్కో మీటరు పొడవు తీగ మీద దాదాపు వెయ్యి వోల్టులు అదనంగా పడతాయి, అవన్నీ టీవీకే చేరతాయి. మిగిలిన తీగను అందంగా చుట్టి లోపల పెడతామంటే ఒప్పుకోకండి, కత్తిరించమనండి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు.

డిష్‌కు వేరే ఎర్త్ రాడ్డు ఉంటే దాన్నీ మెయిన్ ఎర్తుకు రాగి తీగతో కలపాలి. కలపకపోతే రెండు రాడ్ల మధ్య వోల్టేజీ తేడా సెట్‌టాప్ బాక్సు గుండా టీవీలోకి వెళ్తుంది. ఇంటర్నెట్ ఫైబర్ కేబుల్లోని గాజుపోగుకు ఏ భయమూ లేదు గానీ, దాని పక్కనే ఉండే ఉక్కు తీగను గోడ బయటే తుంచేయాలి.

స్పైక్ బస్టర్ (ప్లగ్గులు పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు) స్విచ్ ఆపితే సరిపోదు, లోపలి సందు కొన్ని మిల్లీమీటర్లే, సర్జ్ దాన్ని దాటేస్తుంది. పిడుగుల గురించి ముందే చెప్పే దామిని యాప్‌లో హెచ్చరిక రాగానే, ఉరుము వినపడకముందే ప్లగ్గూ డిష్ కేబులూ పీకేస్తాను. పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు ప్రొటెక్టర్ మీది చిన్న కిటికీ చూస్తాను. పచ్చగా ఉంటే సరే, ఎర్రబడితే మాడ్యూల్ వెంటనే మార్చాలి.